డెంకాడ ఆరెకరాల్లో గేటెడ్ కాలనీ: గేటు సంగతి తర్వాత, ముందు రోడ్డు ఎవరిదో తేల్చుకోండి

మీరు అడిగింది ఇది. విజయనగరం నుంచి భోగాపురం వైపు వెళ్లే దారికి దగ్గర్లో, డెంకాడ మండలంలో మీ అన్నదమ్ములు ముగ్గురికీ ఉమ్మడిగా ఆరెకరాల జిరాయితీ మెట్ట ఉంది. ఎయిర్‌పోర్టు పేరు చెప్పి బ్రోకర్లు ఇంటి చుట్టూ తిరుగుతున్నారు. డాలస్‌లో ఉన్న మీ బావగారు తానుంటున్న కాలనీ ప్లాన్ పంపించి, ‘దీన్ని ప్లాన్డ్ యూనిట్ డెవలప్‌మెంట్ అంటారు, మనమూ ఇలాగే చేద్దాం’ అన్నారు. కొన్ని చిన్న ఇళ్లు, కొన్ని పెద్దవి, రోడ్డు వైపు నాలుగు షాపులు, మధ్యలో పెద్ద పార్కు, చుట్టూ గోడ, ఒకటే గేటు. ఇది మన దగ్గర సాధ్యమా, ఏ రూల్స్ వర్తిస్తాయి అన్నది మీ సందేహం.

దాదాపు అలాంటిదే కట్టొచ్చు. కానీ అక్కడి దారిలో కుదరదు. నేను టౌన్ ప్లానింగ్‌లో పనిచేసి రిటైరై, ఇప్పుడు ఇలాంటి డ్రాయింగులే చూసి సలహాలిస్తున్నాను. అమెరికా ప్లాన్ ఒకటి చేత్తో పట్టుకొచ్చేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు మీ బావగారి కాలనీ సంగతి. అక్కడ స్థలం ఉన్నాయన ఊరి కౌన్సిల్ దగ్గరికి వెళ్లి బేరం ఆడతాడు. ‘ఇళ్ల మధ్య వదలాల్సిన ఖాళీ కాస్త తగ్గించండి, చిన్న ప్లాట్లు వేసుకోనివ్వండి, బదులుగా పార్కు పెద్దది వదులుతాను, రోడ్లు వేస్తాను’ అంటాడు. జనం అభ్యంతరాలు విని కౌన్సిల్ ఒప్పుకుంటే, ఆ ప్లానే ఆ స్థలానికి జోనింగ్ చట్టం, అంటే ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే చట్టం, అయి కూర్చుంటుంది. ఒక్కో ప్లాటుకు కొలత చూడరు, మొత్తం స్థలం మీద ఎన్ని ఇళ్లు, ఎంత ఖాళీ అని సరాసరి చూస్తారు. వర్జీనియాలో రెస్టన్ అనే పట్టణం కోసం ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ 1962లో ప్రత్యేకంగా కొత్త జోనే సృష్టించింది. అంటే అక్కడ రూల్ కూడా ప్లాన్‌తోపాటే తయారవుతుంది.

మన దగ్గర ఆ బేరం లేదు. రూల్ ముందే ఉంటుంది, దానికి తగ్గట్టు ప్లాన్ గీసుకోవాలి. సడలింపు ఇచ్చే అధికారం ప్రభుత్వ స్థాయిలో ఉన్నమాట నిజమే గానీ, దాన్ని నమ్ముకుని ఎవరూ డ్రాయింగ్ గీయకూడదు. ‘అమరావతిలో మనవాళ్లున్నారు, రిలాక్సేషన్ తెచ్చేస్తాం’ అనే బ్రోకరు మాట విన్నారంటే సంవత్సరాలు గడిచిపోతాయి, పొలం మాత్రం బీడుగా అక్కడే ఉంటుంది.

మొదట చేయాల్సిన పని చిన్నది, కానీ చాలామంది చివర్లో చేస్తారు. మీ సర్వే నంబర్లకు ల్యాండ్ యూజ్ సర్టిఫికేట్ తీసుకోండి. డెంకాడ వైపు పాత వుడా (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) పరిధి, 2018 నుంచి అది వీఎంఆర్డీఏ. మీ చుట్టాలకు బొబ్బిలి వైపు భూమి ఉంటే బుడా, శ్రీకాకుళం వైపు ఉంటే సుడా చూసుకోవాలి. మాస్టర్ ప్లాన్‌లో మీ నంబర్లు రెసిడెన్షియల్ రంగులో ఉంటే సగం టెన్షన్ తగ్గినట్టే. వ్యవసాయ జోన్‌లో ఉంటే భూ వినియోగ మార్పు కావాలి. అది ప్రభుత్వం దాకా వెళ్లి, ప్రజల అభ్యంతరాలకు గడువిచ్చి, జీవో వస్తే గానీ అవ్వదు. ఒక్కోసారి ఒకే సర్వే నంబరు మీదుగా రెండు రంగులు వెళ్తాయి, కాబట్టి సబ్ డివిజన్లతో సహా అడగండి. మాస్టర్ ప్లాన్ రోడ్డు ఏదైనా మీ పొలంలోంచి వెళ్తుందేమో కూడా అందులోనే తేలుతుంది.

దీన్ని నాలాతో కలిపేసుకోకండి. నాలా అన్నది రెవెన్యూ వాళ్ల వ్యవహారం, వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చుకోవడం. 2006 నాటి ఆ చట్టాన్ని ఎత్తేయాలని ప్రభుత్వం 2025లో నిర్ణయించింది. అది ఉన్నా, పోయినా జోన్ మారదు. ‘నాలా కట్టేశాం కదండీ, ఇంకేంటి’ అంటూ వచ్చినవాళ్లకి ఇదే చెప్పి చెప్పి అలిసిపోయాను. ఇక ‘పంచాయతీ అప్రూవ్డ్’ అన్న బోర్డులు హైవే పక్కన చూస్తూనే ఉంటారు. సాంకేతిక అనుమతి లేకుండా లేఅవుట్‌ను సొంతంగా ఆమోదించే అధికారం పంచాయతీకి లేదు. సర్పంచి గారి సంతకం మీద బ్యాంకు లోను ఇవ్వదు.

ఇప్పుడు అసలు విషయం. మీరు గీయాలనుకున్న కాలనీకి మన రూల్స్‌లో ప్రధానంగా రెండు దారులున్నాయి. బయటి నుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. లోపలి రోడ్లు, పార్కు చివరికి ఎవరి పేరున ఉంటాయన్న దగ్గర పూర్తిగా వేరు.

మొదటిది లేఅవుట్. దీనికి 2017 జులైలో వచ్చిన 275 నంబరు జీవో, అంటే ల్యాండ్ డెవలప్‌మెంట్ రూల్స్ వర్తిస్తాయి. భూమిని ప్లాట్లుగా కోసి, రోడ్లు, కాలువలు, కరెంటు వేసి, ఖాళీ ప్లాట్లు అమ్ముకోవచ్చు. ఎవరి ఇల్లు వాళ్లే తర్వాత విడిగా ప్లాన్ తెచ్చుకుని కట్టుకుంటారు. మొత్తం విస్తీర్ణంలో 10 శాతం ఖాళీ స్థలం వదలాలి. పనులు పూర్తి చేస్తారన్న పూచీకి ప్లాట్ల విస్తీర్ణంలో 15 శాతం అథారిటీకి తనఖా పెట్టాలి. రోడ్లనూ, ఆ ఖాళీ స్థలాన్నీ స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ రాసి రిజిస్టరు చేసివ్వాలి. జనం పట్టించుకోనిది ఈ చివరి మాటే. రాసిచ్చిన క్షణం నుంచి ఆ రోడ్డు పంచాయతీది. అంటే ఊరిది. మీరు ముందు ఆర్చి కట్టొచ్చు, పేరు రాయించుకోవచ్చు. పక్క ఊరి పాలవాడు, వెనక పొలం రైతు ట్రాక్టరు, ఎవరు ఆ రోడ్డు మీద పోయినా ఆపే హక్కు మీకుండదు. బ్రోషర్లో ‘గేటెడ్ లేఅవుట్’ అని వేసి అమ్మినవాళ్లు తర్వాత కొనుక్కున్నవాళ్లతో తిట్లు తినేది ఇక్కడే.

రెండోది గ్రూప్ డెవలప్‌మెంట్. ఇది 2017 మార్చి నాటి 119 నంబరు జీవో, బిల్డింగ్ రూల్స్ కిందికి వస్తుంది. కనీసం 4,000 చదరపు మీటర్లు, అంటే ఎకరానికి ఓ పిసరు తక్కువ స్థలం ఉండాలి. ఇక్కడ భూమికీ ఇళ్లకూ కలిపి ఒకే అనుమతి. ఇళ్లు, రోడ్లు, డ్రైనేజీ, పార్కు అన్నీ మీరే కట్టి అమ్మాలి, ఖాళీ ప్లాటుగా అమ్మడానికి లేదు. పది శాతం ఖాళీ స్థలం ఇక్కడా తప్పదు, అదీ ఇళ్ల చుట్టూ వదిలే సెట్‌బ్యాకులకు అదనంగా. కట్టడంలో పది శాతం పూచీగా పెట్టాలి. లోపలి రోడ్లు, పార్కు, క్లబ్ హౌస్ మాత్రం కొన్నవాళ్ల ఉమ్మడి ఆస్తిగా ఉండిపోతాయి. ఇళ్లూ ప్లాట్లూ కొనేవాళ్ల రక్షణకున్న రెరా చట్టం 17వ సెక్షన్ ప్రకారం వాటిని వాళ్ల సంఘానికి రాసివ్వాలి. న్యాయంగా గేటు పెట్టుకోగలిగేది ఈ దారిలోనే. మీ బావగారి కాలనీకి దగ్గరి బంధువు ఇదే.

రో హౌసింగ్, క్లస్టర్ హౌసింగ్ అని చిన్న ప్లాట్ల స్కీములు అవే రూల్స్‌లో ఉన్నాయి. మీరు రాసిన బడ్జెట్టుకీ, ఊహించుకున్న కొనుగోలుదారులకీ అవి సరిపడవు, వదిలేద్దాం.

అయితే గ్రూప్ డెవలప్‌మెంట్‌కి ఒక షరతు ఉంది, విన్నవెంటనే చాలామంది మొహం మాడ్చుకుంటారు. చుట్టూ గోడ కట్టేస్తే వెనకాల భూములవాళ్లకి దారి పోతుంది కదా. అందుకని మీ స్థలంలోంచే, ఏదో ఒక అంచున, 9 మీటర్ల వెడల్పున పబ్లిక్ రోడ్డు వేసి వదలాలి. గోడ ఆ రోడ్డుకి లోపలే కట్టుకోవాలి. ఆరెకరాల పొడవునా ముప్పై అడుగులు అంటే తక్కువ భూమి కాదు, ఒప్పుకుంటాను. కానీ ఈ షరతు నాకు నచ్చిన వాటిల్లో ఒకటి. విశాఖ చుట్టుపక్కల గోడ పక్కన గోడ లేచి, మధ్యలో ఇరుక్కుపోయిన రైతు తన చెక్కకి నాగలి తీసుకెళ్లే దారి లేక అయినకాడికి అమ్ముకున్న ఊళ్లు చూశాను.

దీనికి తోడు మీ పొలంలో రస్తా ఏదైనా ఉందేమో చూడండి. నెల్లిమర్ల వైపు ఒకాయన ప్లాన్ చూడమని తెచ్చాడు. చక్కటి రంగుల డ్రాయింగు, మధ్యలో ఫౌంటెను. నేను ఎఫ్ఎంబీ, అంటే సర్వే వాళ్ల పొలం కొలతల పటం, నకలు అడిగాను. టేబుల్ మీద రెండూ పక్కపక్కన పెడితే, ఎఫ్ఎంబీలో ఈశాన్యం మూల నుంచి పడమటి గట్టు దాకా రెండు చుక్కల గీతలు సన్నగా పోతున్నాయి. బండి బాట. స్కేలు పెట్టి డ్రాయింగు మీదకి దించితే ఆ గీతలు సరిగ్గా ఫౌంటెను మీదుగా, ఏడెనిమిది ఇళ్ల వంటగదుల మీదుగా వెళ్లాయి. ‘ఇప్పుడక్కడ బాటేం లేదండీ, మా నాన్నగారి టైములోనే దున్నేశారు’ అన్నాడాయన. దున్నేస్తే నేల మీద పోతుంది, రికార్డులో పోదు. రస్తా ప్రభుత్వానిది. దాన్ని ఉన్నచోటే ఉంచి, మన రోడ్డులో కలిసేలా ప్లాన్ తిప్పుకోవడమే తెలివైన పని. ఆయన ప్లాన్ మొత్తం తిరగేసి గీయాల్సి వచ్చింది, ఫౌంటెను ఎగిరిపోయింది.

గెడ్డ విషయం కూడా అంతే. మన జిల్లాల్లో వేసవిలో ఎండిపోయి పిల్లలు క్రికెట్ ఆడుకునే గెడ్డ, తుపానుకి మనిషెత్తు పారుతుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కాలువ, వాగు, గెడ్డ లాంటి వాటి హద్దు నుంచి 9 మీటర్లు, పది హెక్టార్ల లోపు చెరువు పూర్తి నీటిమట్టం నుంచి 9 మీటర్లు, అంతకు మించిన చెరువైతే 30 మీటర్లు వదలాలి. చంపావతి, నాగావళి లాంటి నది అయితే మున్సిపాలిటీ బయట 100 మీటర్లు, లోపల 50. మీ తూర్పు హద్దుకి గెడ్డ ఉందని రాశారు. ఆ తొమ్మిది మీటర్లలో చెట్లు వేసుకోండి, ఇల్లు వద్దు.

ఖాళీ స్థలం దగ్గర కక్కుర్తి పడొద్దు. చాలా డ్రాయింగుల్లో పది శాతం పార్కు ఎక్కడుంటుందో కాగితం విప్పకుండానే చెప్పొచ్చు: ప్లాటు పడని వంకర మూలలో, లేదా హైటెన్షన్ లైను కింద. కొన్నవాళ్లు అక్కడికి పిల్లల్ని పంపరు, రెండేళ్లకి తుప్పలు పెరుగుతాయి, ఆపైన ఎవడో పాక వేస్తాడు. మధ్యలో ఒకే ముక్కగా, నాలుగు వైపులా ఇళ్ల గుమ్మాలు కనిపించేలా వదిలితే దాన్ని వీధివాళ్లే కాపాడుకుంటారు. పార్కుకి ఎదురుగా ఉండే ఇళ్లకి గజానికి ధర కూడా ఎక్కువే పలుకుతుంది. డబ్బుల భాషలో చెబితేనే వింటారని ఈ మాట కలిపాను.

ఇక లెక్కలు. ఆరెకరాలంటే 29,040 గజాలు. మొత్తం లేఅవుట్ వేస్తే పది శాతం ఖాళీకి 2,904 గజాలు పోతాయి. రోడ్లకి ఎంత పోతుందన్నది భూమి ఆకారం మీద ఉంటుంది. నలుచదరంగా ఉంటే పాతిక శాతం, కత్తిరించిన ముక్కల్లా ఉంటే ముప్పై, ఆపైనా. మొత్తం మీద అమ్ముకోవడానికి పదహారు, పదిహేడు వేల గజాలు మిగిలితే మీ డ్రాఫ్ట్స్‌మన్ పనిమంతుడే. పదిహేడు వేలు మిగిలాయనుకుంటే అందులో 2,550 గజాలు తనఖాలో ఉంటాయి, పనులయ్యేదాకా ఆ డబ్బు చేతికి రాదు. బ్రోకర్ చెప్పే లెక్కలో ఇదెప్పుడూ ఉండదు. లేఅవుట్ లోపలి రోడ్లు అంతకుముందు 40 అడుగులు అడిగేవారు, 2025 జనవరిలో సడలించి 9 మీటర్లకు తెచ్చారు. సౌకర్యాల కోసం అదనంగా వదిలే స్థలం లెక్క ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతోంది. దరఖాస్తు పెట్టే రోజున అమల్లో ఉన్న జీవో చూసుకోమని మీ ఎల్టీపీకి (ప్లాన్ గీసి దరఖాస్తు పెట్టే లైసెన్సు ఉన్నాయనకి) గట్టిగా చెప్పండి.

నన్నడిగితే మీ ఆరెకరాలకి రెండు దారులూ కలిపి వాడుకోవడం మేలు. రోడ్డు వైపు రెండెకరాలు లేఅవుట్‌గా వేయండి. అందులో షాపులకి పనికొచ్చే నాలుగు ప్లాట్లు, మామూలు ఇళ్ల ప్లాట్లు. దాని మధ్య రోడ్డుని ఇరుకు చేయకుండా 40 అడుగులే ఉంచి, వెనక నాలుగెకరాల దాకా తీసుకెళ్లండి. ఆ రోడ్డు ఎలాగూ ఊరికి రాసిస్తారు. వెనక నాలుగెకరాలు, అంటే 16,187 చదరపు మీటర్లు, గ్రూప్ డెవలప్‌మెంట్. దాని గేటు ఈ పబ్లిక్ రోడ్డు చివర ఉంటుంది. అంచున వదలాల్సిన 9 మీటర్ల రోడ్డుని ఇక్కడినుంచే మలుపు తిప్పి వెనక రైతుల భూముల దాకా పోనిస్తే వాళ్లకీ దారి దొరుకుతుంది, మీ మీద కేసూ వేయరు. ముందు ప్లాట్లు అమ్మిన డబ్బుతో వెనక ఇళ్ల పని మొదలుపెట్టుకోవచ్చు, వడ్డీ భారం తగ్గుతుంది. మీ బావగారి ప్లాన్‌లోని కలగలుపు చాలావరకు వచ్చేస్తుంది. చిన్న అపార్ట్‌మెంటు కావాలన్నా గ్రూప్ డెవలప్‌మెంట్‌లోనే ఒక బ్లాకుగా పెట్టొచ్చు, కానీ మీ ఊరి దగ్గర ఇంకా ఫ్లాటు కొనే జనం తక్కువ. తొందరపడొద్దనే నా అభిప్రాయం.

పర్యావరణ అనుమతి గురించి మీ తమ్ముడు భయపడుతున్నాడని రాశారు. అది 20,000 చదరపు మీటర్ల కట్టుబడి దాటితేనే. రెండేసి వేల అడుగుల ఇళ్లు అరవై కట్టినా 11,150 చదరపు మీటర్ల దగ్గర ఆగుతుంది. ఎయిర్‌పోర్టు దగ్గర కాబట్టి ఎత్తు మీద ఆంక్షలుంటాయి, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ రంగుల మ్యాపులో మీ స్థలం ఏ గడిలో పడుతుందో ఎల్టీపీని చూడమనండి. పై అంతస్తు ఒక్కటే ఉన్న ఇళ్లకి ఇదేం పెద్ద అడ్డు కాకపోవచ్చు. సముద్రం ఒడ్డున చింతపల్లి, కళింగపట్నం లాంటి చోట్ల భూమి ఉన్నవాళ్లు అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నా: పల్లె తీరంలో పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలకి సాధారణంగా చోటు లేదు, 500 మీటర్ల దాకా నియంత్రణ. ‘సీ వ్యూ’ విల్లా కొనేముందు ఆ గీత ఎక్కడుందో చూడండి.

రికార్డుల విషయంలో మన జిల్లాలకో ప్రత్యేకత ఉంది. ఇదంతా ఒకప్పుడు సంస్థానాలు, ఎస్టేట్లు, ఇనాముల కింద ఉన్న నేల. 1948 ఎస్టేట్ రద్దు చట్టం తర్వాత జరిగిన సెటిల్మెంటులో ఏ నంబరు ఎవరి పేరున, ఏ రకంగా ఎక్కిందన్నదే నేటికీ పునాది. కాబట్టి ఇప్పటి అడంగల్, వన్‌బీ చూసి ఊరుకోక, సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్ నకలు తీయించండి. రిజిస్ట్రేషన్ కుదరని భూముల 22ఏ నిషేధిత జాబితాలో మీ నంబరు, పక్క సబ్ డివిజన్ నంబరు కూడా లేవని చూసుకోండి. పక్క దాని కోసం మొత్తం నంబరుని జాబితాలో పెట్టేసిన కేసులు ఉన్నాయి, తీయించడానికి కలెక్టరేట్ మెట్లరిగిపోతాయి. అన్నదమ్ములు ముగ్గురే అని రాశారు, అక్కచెల్లెళ్ల ప్రస్తావన లేదు. ఉంటే బాబూ, వాళ్ల సంతకాలు కూడా ఇప్పుడే, కూర్చోబెట్టి, మంచిగా తీసుకోండి. 2005 సవరణ తర్వాత కూతుళ్లకి కొడుకులతో సమానమైన హక్కు. రేటు పెరిగాక అడిగితే ఆ మాటలు వేరేగా ఉంటాయి.

బిల్డరుతో డెవలప్‌మెంట్ అగ్రిమెంటు చేసుకుంటే రెరా దృష్టిలో భూమి యజమానులుగా మీకూ బాధ్యత పడొచ్చు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలం, లేదా ఎనిమిది దాటిన యూనిట్లు అయితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మీవి రెండు ముక్కలూ దాని కిందికి వస్తాయి. కొన్నవాళ్ల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలి. ప్లాన్ ఒకసారి చూపించి అమ్మాక పార్కు తగ్గించి నాలుగిళ్లు ఇరికిద్దాం అనుకుంటే, కొన్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మీ బావగారి కాలనీలో ప్లానే చట్టం అని చెప్పాను కదా, మన దగ్గర ఆ గట్టిదనం రెరాలోని ఈ నిబంధన వల్ల వచ్చింది. నిర్మాణ లోపాలకి ఐదేళ్లు మీరే జవాబుదారీ. సగానికి మించి బుక్ అయిన మూడు నెలల్లో సంఘం ఏర్పాటయ్యేలా చూడాలి. ఆ సంఘం నియమావళి అగ్రిమెంటుతోపాటే ఇచ్చేయండి. నెలవారీ మెయింటెనెన్స్ ఎంతో, మోటారు కాలితే ఎవరు కట్టాలో ముందే రాసి ఉంటే గొడవలు సగం తగ్గుతాయి.

చివరగా మీరు అడిగిన ప్రీ లాంచ్. ‘చుట్టాల్లో పదిమంది ఇప్పుడే తలా రెండు లక్షలు ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా’ అన్నారు. తీసుకోకండి. రెరా నంబరు రాకముందు బుకింగ్ పేరున రూపాయి తీసుకున్నా మూడో సెక్షన్ ఉల్లంఘనే, జరిమానా ప్రాజెక్టు అంచనా ఖర్చులో పది శాతం దాకా వేయొచ్చు. నంబరు వచ్చాక కూడా అమ్మకం అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ధరలో పది శాతానికి మించి పుచ్చుకోకూడదు. ఈలోగా ల్యాండ్ యూజ్ సర్టిఫికేట్, ఎఫ్ఎంబీ, ఫెయిర్ అడంగల్ నకళ్లు తెచ్చి పెట్టుకోండి. తూర్పు గెడ్డ హద్దు సర్వేయరు చేత రాళ్లు పాతించి, ఆ కొలతలు రాయండి. 40 అడుగుల రోడ్డుకి మీ ముందు భాగం వెడల్పు సరిపోతుందో లేదో అప్పుడు చెబుతాను.